నూట పది దగ్గర గీత

ఫిబ్రవరి 3, మంగళవారం

డబ్బా వచ్చింది. చూస్తే టిఫిన్ బాక్సంత కూడా లేదు. బావ దాన్ని పసిపిల్లను పొత్తిళ్ళలోంచి తీసినట్టు అట్టపెట్టెలోంచి తీసి దుకాణం కౌంటరు మీద పెట్టాడు. నేనూ అక్కా చుట్టూ నిలబడి చూశాం.

"ఇదిగోరా, నీకు విముక్తి," అన్నాడు.

విముక్తట. పదకొండేళ్ళ కిందట నేను పనిచేసే ప్రెస్సు మూతపడి ఖాళీగా తిరుగుతుంటే, "రెండు నెలలు వచ్చి సాయం చేసి పోరా" అని అక్క పిలిచింది. ఆ రెండు నెలలు ఇంకా పూర్తి కాలేదు. పొగబెట్టి వండిన పంది భుజాలు పొద్దున పదింటికి కౌంటరు మీదికి రావాలంటే, ముందురోజు రాత్రి ఎనిమిదింటికే పెరట్లో సిరామిక్ పొయ్యిలోకి ఎక్కాలి. గుడ్డు ఆకారంలో నా నడుమెత్తు ఉంటుందది, మేం బాన అంటాం. రాత్రంతా దాని వేడి నూట పది డిగ్రీలకు తగ్గకూడదు, పెరగకూడదు. ఆ రెండు 'కూడదు'ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి నేను. మూత మీది ముల్లు చూడడం, లోపలికి గాలి వెళ్ళే కింది కంత రెండు వేళ్ళంత తెరవడం, ఒక వేలంత మూయడం. ఇదీ నా విద్య.

ఇప్పుడు ఈ టెంపరేచర్ కంట్రోలర్ ఆ పని చేస్తుందట. దానికి రెండు తీగలు. ఒకదాని చివర క్లిప్పు, దాన్ని లోపల జాలీకి తగిలించాలి, అది బాన వేడి చెబుతుంది. రెండోదాని చివర సూది, దాన్ని మాంసంలో గుచ్చాలి, అది మాంసం వేడి చెబుతుంది. కింది కంతకు ఒక బుల్లి ఫ్యాను. క్లిప్పు దగ్గర వేడి నూట పదికి తగ్గితే ఫ్యాను ఊదుతుంది, నూట పది కాగానే ఆగుతుంది. దీనికి నిద్ర రాదు, ఆకలి కాదు, నడుం నొప్పి పుట్టదు.

ఫోనులో యాప్ కూడా ఉంది. వేడి ఎంతుందో అందులో గీతలా కనబడుతుంది. బావ ఫోనులో పెట్టాం, నా ఫోనులో పెట్టాం. మా ఆవిడ అడిగి మరీ తన ఫోనులో పెట్టించుకుంది. మందుల కోల్డ్ స్టోరులో తన ఉద్యోగమే అది, టీకాలుంచే ఫ్రిజ్‌ల వేడి గీతలు రోజూ చూసి సంతకం పెట్టడం.

ఇంటికొచ్చాక అసలు సంగతి చెప్పింది. రెండొందల కిలోమీటర్ల అవతల కొత్త స్టోరు తెరుస్తున్నారట, ఇన్‌చార్జిగా వెళ్తావా అని ఆఫీసు తనను అడిగింది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

"మీరు రాత్రిళ్ళు ఇంట్లో ఉంటే నేను వెళ్ళను. లేదంటే నేనూ పాపా వెళ్తాం. ఇక్కడున్నా ఇద్దరమే, అక్కడున్నా ఇద్దరమే కదండీ."

కోపంగా అనలేదు. గిన్నెలు తోముతూ అంది.

ఉంటానన్నాను. ఎందుకుండను? పదకొండేళ్ళుగా నేను కోరుకున్నది అదేగా.

ఫిబ్రవరి 4

పెట్టాం. నూట పది.

ఫిబ్రవరి 5, గురువారం

నిన్న రాత్రి కూడా కుర్చీలోనే ఉన్నాను. కొత్త పరికరం గదా, ఒక కన్నేసి ఉంచుదామని. ఒక కన్నేం ఖర్మ, రెండూ వేశాను. నూట తొమ్మిది, నూట పది, నూట పదకొండు, నూట పది. రెండింటికి నా చెయ్యి అలవాటు కొద్దీ కంత వైపు పోయింది. అక్కడ ఫ్యాను ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను.

పొద్దున అక్క గీత చూసి ఒకటే నవ్వు. "ఏరా, నువ్వు కాసిన రోజుల్లో ఇలాంటిది ఉండుంటే రంపం పళ్ళలా వచ్చేదేమో. ఇది చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది!"

ఏమన్నా అంటే ఆడలేక మద్దెల ఓడన్నాడంటుంది. నోరు మూసుకుని ముక్క రుచి చూశాను. ఏదో లోపం దొరుకుతుందని చూశాను. దొరకలేదు. నేను చేసినదానికన్నా ఒక పిసరు బాగుందేమో కూడా. ఇది నా కోసమే రాసుకుంటున్నాను గనక రాస్తున్నాను.

ఫిబ్రవరి 6, శుక్రవారం

నిన్న రాత్రి ఇంట్లో పడుకున్నాను.

పడుకున్నాను అనడం పెద్ద మాట. మంచం మీద నా వైపు అనేది ఒకటుందనుకున్నాను. లేదు. అది పాపది. తొమ్మిదేళ్ళుగా దానిదే. పాపం, తన దిండు, తన దుప్పటి, గోడవైపున్న బొమ్మ, అన్నీ ఒక్కొక్కటిగా ఏరుకుని హాల్లో పరుపు మీదికి మారింది. అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళు కూడా అంత పద్ధతిగా చెయ్యరు.

దీపం ఆర్పాక మా ఆవిడ లేచి చప్పుడు కాకుండా కిటికీ తీసింది. నేను రెండుసార్లు స్నానం చేశాను. అయినా పొగ వాసన పోలేదన్నమాట.

వంటింట్లో ఫ్రిజ్ మోగడం, ఆగడం వింటూ ఉన్నాను. ఫోను చూశాను. నూట పది. మళ్ళీ చూశాను.

"ఏమైనా అయిందా?" అంది చీకట్లోంచి.

"ఏం లేదు."

"మరి?"

"ఊరికే."

పొద్దున పాప బూట్లు వేసుకుంటూ అడిగింది. "నాన్నా, ఇవాళ పొయ్యి దగ్గరికి వెళ్ళవా?"

"వెళ్ళనమ్మా. ఇక ఇంట్లోనే."

"రోజూనా?"

ఆ 'రోజూనా'లో ఏముందో పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాను. సంతోషమే అయ్యుంటుంది. పిల్లలకు మొహంలో ఒకటి, గొంతులో ఒకటి ఉండదు కదా.

ఫిబ్రవరి 7

నిద్ర లేదు.

ఫిబ్రవరి 8

నిద్ర లేదు. నిన్న రాత్రి మూడున్నరకి వెళ్ళి చూసొచ్చాను. ఊరికే. నూట పది.

ఫిబ్రవరి 12, గురువారం

బావ నన్ను పగలు కౌంటరులో వేశాడు. ముక్కలు కోయడం, కాగితంలో చుట్టడం, చిల్లర ఇవ్వడం, నవ్వడం. నాలుగోది నాకు చేతకాదు.

పాతికేళ్ళుగా వచ్చే పళ్ళ డాక్టరు నన్ను చూసి, "మీరెవరండీ, కొత్తగా చేరారా?" అన్నాడు. పదకొండేళ్ళుగా ఆయన తింటున్నది నా చేతి పొగ. నేను చెప్పేలోపే బావ అందుకున్నాడు. "మా బావమరిదండీ. ఇదివరకు రాత్రిళ్ళు పొయ్యి కాసేవాడు. ఇప్పుడంతా మిషనే. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు."

గర్వంగా చెప్పాడు. నన్ను తక్కువ చెయ్యాలని కాదు, నాకు తెలుసు. నా చేతిలో కత్తి ఉంది, ముక్క మందంగా తెగింది.

పెరట్లో ఉన్నన్నాళ్ళు ఇంటికి పోవాలనుండేది. ఇప్పుడు ఇంట్లో ఉంటే పెరడు లాగుతుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఫిబ్రవరి 16, సోమవారం

దుకాణానికి సోమవారం సెలవు. అంచేత ఆదివారం రాత్రి బాన వెలిగించం, ఎప్పుడూ అంతే.

రాత్రి ముగ్గురం కూర్చుని తిన్నాం. వాళ్ళిద్దరికీ ఒక భాష ఉంది. పాప "మూడో నంబరు" అంటుంది, మా ఆవిడ నవ్వు ఆపుకోలేక నీళ్ళు తాగుతుంది. మూడో నంబరంటే ఏమిటని అడిగితే, స్కూలు బస్సులో ఒకాయన ఉన్నాడనీ, ఆయన తుమ్మితే మూడుసార్లే తుమ్ముతాడనీ చెప్పారు. చెప్పేసరికి నవ్వు అయిపోయింది. నేను ఆలస్యంగా ఒక్కణ్ణే నవ్వాను. ఇద్దరూ నన్ను మర్యాదగా చూశారు, చుట్టం జోకు వేసినప్పుడు చూసినట్టు.

మా ఆవిడ నా కోసం కొత్త దిండు కొంది. 'నేను రాను' అని ఆఫీసుకు ఉత్తరం కూడా రాసి పెట్టుకుంది. ఇంకా పంపలేదు. "నెలాఖరు దాకా ఆగుతాను," అంది నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఎన్ని రోజులైందో. తను సంతోషంగా ఉంది. అది రాసి పెట్టుకోవాలి.

దిండు గట్టిగా ఉంది.

ఫిబ్రవరి 19, గురువారం

శనివారం మధ్యాహ్నానికి ఒక కంపెనీ వాళ్ళ విందు. అరవై మంది. దుకాణం చరిత్రలో ఇంత పెద్దది లేదు. బానలో రెండు అంతస్తుల జాలీ వేసి ఎనిమిది భుజాలు పట్టించాలి. రేపు రాత్రి ఎక్కాలి.

"నేనుంటాను బావా రేపు రాత్రి."

"అవసరం లేదురా, మిషన్ ఉందిగా."

"ఎనిమిది భుజాలు, రెండు అంతస్తులు. ఎప్పుడూ చెయ్యలేదు మనం."

"అవసరం లేదన్నానా! ఇంటికి పోయి హాయిగా పడుకో. మా చెల్లాయి నన్ను తిడుతుంది లేకపోతే." మా ఆవిణ్ణి చెల్లాయి అంటాడు.

అవసరం లేదు. రెండుసార్లు అన్నాడు.

ఫిబ్రవరి 21, శనివారం

మిషన్ మోసం చేసింది. ఎనిమిదీ బొగ్గయ్యాయి. కుడి చెయ్యి కాలింది, ఎడమ చేత్తో రాస్తున్నాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాసి పెడతాను.

శుక్రవారం రాత్రి ఎందుకో మనసు ఊరుకోక చూసొద్దామని వెళ్ళాను. వెళ్ళబట్టి సరిపోయింది. క్లిప్పు తీగలో ఏదో లోపం. బానలో వేడి పడిపోయిందని డబ్బాకి తప్పుడు లెక్క ఇచ్చింది. ఫ్యాను ఆగకుండా ఊదింది. నేను మూత మీది ముల్లు చూసేసరికి లోపల రెండొందల అరవై. మూత ఎత్తగానే మంట మీదికి లేచింది. కంతలన్నీ మూసేశాను గాని, బాన గోడలు అరచేతి మందం, ఒకసారి వేడెక్కితే గంటల తరబడి దిగదు. అప్పటికి చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను లేకపోతే పెరడంతా అంటుకునేది.

ఇదే బావకు చెప్పాను. ఇదే అక్కకు చెప్పాను.

బావ కంపెనీ వాళ్ళ ముందు నిలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. ఊళ్ళో ఉన్న కోడి దుకాణాలన్నీ తిరిగి ఏదో ఒకటి పెట్టించాడు. తిరిగొచ్చి నా పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు లేకపోతే ఏమయ్యేదిరా," అన్నాడు. "మనిషి మనిషే. బుద్ధి గడ్డితిని డబ్బాను నమ్మాను."

డబ్బాను మళ్ళీ అట్టపెట్టెలో పెట్టేశాడు. సామాన్ల గదిలోంచి నా కుర్చీ పెరట్లోకి వచ్చింది. అక్క దాని మీద మెత్త కూడా వేసింది.

ఫిబ్రవరి 23, సోమవారం

తీగలో లోపమే. ఇలాంటివి జరుగుతుంటాయని విన్నాను. యంత్రం యంత్రమే.

రేపు దుకాణం తెరవాలి గనక ఈ రాత్రి నేనే కాస్తున్నాను. ముల్లు నూట ఐదు, నూట ఇరవై, నూట ఎనిమిది. ఎడమ చేత్తో కంత తిప్పడం కష్టంగా ఉంది. కొత్త మెత్త బాగుంది.

తీగలో లోపమే.

ఫిబ్రవరి 24, మంగళవారం

మధ్యాహ్నం మా ఆవిడ చేతికి కట్టు మార్చింది. పాప స్కూలుకు పోయింది. పాత గుడ్డ తీస్తూ మామూలుగా అడిగింది.

"మూత ఎన్నిసార్లు తీశారు?"

"ఒక్కసారే. మంట లేచినప్పుడు."

ఆయింట్‌మెంటు రాసింది. మంటగా ఉందా అంది. లేదన్నాను. కట్టు పూర్తయ్యాక చేతులు కడుక్కుని, ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. శుక్రవారం రాత్రి గీత.

"మా స్టోరులో ఫ్రిజ్ తలుపు తీసి మర్చిపోతే గీత ఇలా వాలుతుందండీ, మెల్లగా. సెన్సరు బయటికి లాగేస్తే ఇలా పడుతుంది, నిలువునా. తీగ తెగితే అసలు గీతే ఉండదు." వేలు పెట్టి చూపించింది. "ఇది నూట పది నుంచి పద్దెనిమిదికి నాలుగు నిమిషాల్లో పడింది. పడి అక్కడే నలభై నిమిషాలు ఉంది. ఆ రాత్రి బయట చలి ఎంతో చూశాను. పద్దెనిమిది."

నేను ఫోను పక్కకు జరిపాను.

"శనివారం పొద్దున్నే చూశాను. మీరే చెబుతారని ఆగాను. శనివారం చెప్పలేదు, ఆదివారం చెప్పలేదు. నిన్న మెత్త గురించి చెప్పారు."

"నువ్వు బావకు చెప్పావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"నేనెందుకు చెబుతాను," అంది. పాత కట్టు చుట్టి చెత్తబుట్టలో పడేసి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 25, బుధవారం

రాస్తాను. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే నాకు నేను కూడా మిగలను.

శుక్రవారం రాత్రి పన్నెండున్నరకి లేచాను. గీత నూట పది దగ్గరే ఉంది. వెళ్ళాల్సిన పనేమీ లేదు. వెళ్ళాను. పెరట్లో నా కుర్చీ లేదు, సామాన్ల గదిలో చీపుళ్ళ పక్కన పెట్టారు. తెచ్చుకుని బాన ఎదురుగా వేసుకున్నాను. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. నేను వచ్చానని దానికి తెలియదు. తెలిసినా చేసేదేమీ లేదు.

క్లిప్పు తుడుద్దామనుకున్నాను. ఒట్టు, అంతే అనుకున్నాను. మూత ఎత్తి జాలీ నుంచి క్లిప్పు తీశాను, గుడ్డతో తుడిచాను. అది మురిగ్గా లేదు. తుడిచాక లోపల పెట్టాలి. మూత వేసేశాను. క్లిప్పు చేతిలోనే ఉంది. గోడకున్న మేకుకు తగిలించాను.

డబ్బాకి తెలిసిందల్లా క్లిప్పు చెప్పిందే. మేకు దగ్గర పద్దెనిమిది డిగ్రీలు. పొయ్యి ఆరిపోతోందనుకుని పాపం ప్రాణం పెట్టి ఊదింది.

బావ ఫోనులో అలారం మోగినట్టుంది. ఫోన్ చేశాడు. "ఏంట్రా ఈ కూత?" నిద్రగొంతు.

"నేనిక్కడే ఉన్నాను బావా. చూసుకుంటున్నాను. పడుకో."

"నువ్వున్నావా? హమ్మయ్య," అని పెట్టేశాడు.

ఆ హమ్మయ్య కోసమే ఇదంతా. రెండు వారాలుగా నన్ను చూసి ఎవరూ హమ్మయ్య అనలేదు.

తర్వాత నలభై నిమిషాలు కూర్చున్నాను. కంతలోంచి ఎరుపు కనబడింది. కొవ్వు మాడే వాసన వచ్చింది. ఎప్పుడైనా లేవచ్చు. ప్రతి నిమిషమూ లేవచ్చు. బావ ఎనిమిది ముక్కలకీ మసాలా తన చేత్తో పట్టించాడు, అది గుర్తుంది. గుర్తుండే కూర్చున్నాను. కాపలా ఉండాల్సినవాణ్ణే, కంచే చేను మేసింది. చివరికి లేచి క్లిప్పు పెట్టేద్దామని మూత ఎత్తాను. గాలి తగలగానే మంట లేచింది. చెయ్యి కాలినప్పుడు మొదట కలిగింది నొప్పి కాదు. ఇక అందరూ నమ్ముతారు అనిపించింది.

నేను సిగ్గుపడుతున్నాను. ఇంతకంటే బాగా రాయడం రాదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బావకు చెప్పాను. దుకాణం మూశాక, అక్క లోపలికి పోయాక. క్లిప్పు గురించి, మేకు గురించి, నలభై నిమిషాల గురించి.

బావ కౌంటరు తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తూ ఉన్నాడు.

"ఆ కంపెనీ మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డానురా. మిషన్ మోసం చేసిందండీ, మా బావమరిది చెయ్యి కాల్చుకుని మరీ ఆపాడండీ, అన్నాను. ఆయన నీ చెయ్యి ఎలా ఉందని అడిగాడు."

"తిట్టు బావా."

"తిడితే నీకు తేలిగ్గా ఉంటుంది. నేను తిట్టను."

గుడ్డ పిండి ఆరేశాడు. "తప్పు నీదే. కానీ నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. నువ్వు పెరట్లో ఉన్నావంటే నాకు ఒళ్ళెరగని నిద్ర పట్టేది. పదకొండేళ్ళు నా నిద్రతో పాటు నీ నిద్ర కూడా నేనే పోయాను. రెండు నెలలన్నాను గదా."

అట్టపెట్టె తెచ్చి డబ్బాను బయటికి తీశాడు. "రేపట్నుంచి ఇదే. నువ్వు ఇంటికి పో. కోపంతో అనడం లేదు, పో."

"కౌంటరుకి రానా?"

"చెల్లాయి ఎక్కడుంటే అక్కడికి పోరా బాబూ," అన్నాడు.

తలుపు తెరిచి పట్టుకున్నాడు. పదకొండేళ్ళలో ఆయన నన్ను ఇంటికి పొమ్మని తలుపు తెరవడం అదే మొదలు.

ఫిబ్రవరి 28, శనివారం

మా ఆవిడ ఆఫీసుకు జవాబు పంపింది. వెళ్తానని.

"బావకు చెప్పేశాను," అన్నాను.

"మంచి పని చేశారు."

"మరి?"

మంచం మీద పెట్టె తెరిచి ఉంది. పాప బట్టలు మడత పెడుతోంది. "ఏవండీ, మీరు మిషన్ పాడుచేసినందుకు కాదు. ఎనిమిది భుజాలు మళ్ళీ వస్తాయి. మాతో రెండు వారాలు ఉండడం కన్నా చెయ్యి కాల్చుకోవడమే నయమనిపించింది చూడండి మీకు. దాన్ని నేనెక్కడ పెట్టుకోను?"

అలా కాదన్నాను.

"మీరూ రండి," అంది. "కొత్త ఇల్లు, రెండు గదులు. అక్కడ మీ బావ ఉండడు, పొయ్యి ఉండదు. మేమే ఉంటాం. అలా ఉండగలననుకుంటే రండి. లేదనుకుంటే అదైనా చెప్పండి. ఏదీ చెప్పకుండా మాత్రం కూర్చోకండి."

వస్తాను. ఇక్కడ ఇల్లు సర్దేసి ఒక వారంలో వస్తానన్నాను.

మార్చి 1, ఆదివారం

వెళ్ళారు. పాప కిటికీలోంచి చెయ్యి ఊపింది. దానికి చెయ్యి ఊపడం బాగా అలవాటు, రోజూ సాయంత్రం నాకు ఊపేది.

మార్చి 5

ఇంటి ఓనరు ఊళ్ళో లేడు. తాళం ఎవరికివ్వాలి? వచ్చాక బయల్దేరతాను.

మార్చి 8, ఆదివారం

ఓనరు వచ్చాడు. చేతికి ఇంకా కట్టు ఉంది, పెట్టె మొయ్యలేను. వచ్చే ఆదివారం.

మార్చి 11

కట్టు తీసేశారు. చర్మం గులాబీ రంగులో కొత్తగా ఉంది. పెట్టె తేలిగ్గానే ఉంది, నాకున్నది ఎంత గనక.

బావ దుకాణం వైపు వెళ్ళాను. గోడ పైనుంచి పొగ సన్నగా, నిలకడగా పోతోంది. నా పొగ ఎప్పుడూ అలా పోలేదు. లోపలికి పోలేదు.

మార్చి 13

మంచం మీద రెండు వైపులూ నావే. నిద్ర లేదు.

మార్చి 15, ఆదివారం

రాత్రి తొమ్మిదింటికి మా ఆవిడ ఫోన్ చేసింది. నేను ఖాళీ హాల్లో నేల మీద కూర్చున్నాను. పరుపు కట్టేశాను, గిన్నెలు కట్టేశాను, దీపం ఒక్కటే మిగిలింది.

"ఇవాళ వస్తానన్నారు."

"బావ పిలిచాడు," అన్నాను. నా నోరు నేను చెప్పకుండానే చెప్పుకుపోయింది. "మిషన్ మళ్ళీ మొరాయించిందట. పొయ్యి దగ్గరే ఉన్నాను. మధ్యలో వదిలేసి ఎలా రాను? పొద్దున పదింటి దాకా పడుతుంది."

అటునుంచి పాప ఏదో పాఠం పైకి చదువుతున్న గొంతు వినిపించింది.

"ఇవాళ ఆదివారమండీ," అంది చివరికి. "ఆదివారం రాత్రి బాన వెలిగించరు."

ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. నేను పెట్టేద్దామనుకున్నాను. వేలు కదల్లేదు.

"నాకు భయంగా ఉంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "పొయ్యి దగ్గర నేనేం చెయ్యాలో నాకు తెలుసు. మీ దగ్గర తెలీదు. మీరిద్దరూ నవ్వుకుంటుంటే ఎప్పుడు నవ్వాలో తెలీదు. పాప నన్ను చూసి దిండు తీసుకుని వెళ్ళిపోతే ఏమనాలో తెలీదు. నేనొచ్చి అక్కడ ఏం చెయ్యను?"

"ఏమీ చెయ్యక్కర్లేదు," అంది. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. "వచ్చి పడుకోండి. అంతే. నిద్ర పట్టకపోతే పోనివ్వండి. ఎవరికైనా చెప్పండి పట్టలేదని. నన్ను లేపండి. పొద్దున ఆరింటికి బస్సుంది."

"ఎక్కుతాను."

"సరే," అంది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు.

ఆరింటి బస్సు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. మూటలు తరవాత తెప్పించుకుంటానని చెప్పి, ఓనరు ఇంటి గుమ్మంలో తాళం ఇచ్చి వచ్చేశాను, ఇక తిరిగి పోవడానికి ఇల్లు లేదు. మిగతా రాత్రి బస్టాండులోనే.

మార్చి 16, సోమవారం

ఆరింటి బస్సు వెళ్ళిపోయింది. నేను టికెట్టు పట్టుకుని దాని ముందే నిలబడ్డాను. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. రెండోసారి, "ఏం మాస్టారూ, ఎక్కుతారా లేదా?" అన్నాడు. ఒక్క నిమిషం అన్నాను. తలుపు వేసుకుని పోయాడు.

మా ఆవిడకు ఫోన్ చేశాను. అబద్ధమేదీ తోచలేదు. "ఎదురుగా నిలబడి కూడా ఎక్కలేకపోయాను," అన్నాను.

"తరవాతిది ఎన్నింటికి?" అంది.

"తొమ్మిదిన్నరకి."

"పాపను స్కూలుకి పంపి స్టాపు దగ్గరికి వస్తాను. మీరు దిగేదాకా అక్కడే ఉంటాను," అంది.

ఇప్పుడు తొమ్మిదీ ఇరవై. బస్సు వచ్చి నిలబడింది. నా పెట్టె లోపలికి ఎక్కించేశాను. నేనింకా కిందే ఉన్నాను.